బావికి ముందు రాతిని చూడండి

తరిగొప్పుల మండలమున్న జనగామ జిల్లాలో నేల క్రింద ఎక్కువగా గ్రానైటు గలదు. దానిని చీల్చుకొని అక్కడక్కడ డోలరైటు, అనగా నల్లరాయి, గోడవలె బారుగా సాగును. రెండును శిలాద్రవము చల్లారి గట్టిపడినవే.

గ్రానైటు భూగర్భమున మెల్లగా చల్లారినందున పలుకులు పెద్దవి, రంగు లేత. అది శిథిలమై మొరమగును. నీరు ఆ మొరములోను, క్రింది పగుళ్లలోను నిలుచును.

నల్లరాయి త్వరగా చల్లారినది, పలుకులు సన్నము. సమానమైన ముక్కలను చేతబట్టి చూచిన ఇదే బరువు.

పగుళ్లులేని నల్లరాతి గోడ వాలుకు అడ్డముగా నున్నచో భూగర్భజలమును ఆపును. కావున బావిని గోడకు ఎగువన త్రవ్వుట మేలు. గోడమీద త్రవ్విన ఖర్చు వృథా కావచ్చును. గోడను పగులగొట్టిన, నిలిచిన నీరు దిగువకు జారిపోవును. త్రవ్వకమునకు ముందు భూగర్భజల శాఖవారి సలహా పొందండి.