వీసా భయంలో ఉన్న మన పిల్లలకు ప్రొఫెసర్లు ఏం చేయగలరు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లిన దళిత విద్యార్థికి వీసా పోతే, చదువు ఆగడంతో పాటు ఇంటి మీద అప్పు మిగులుతుంది. ఆ అప్పు ఎలా పుడుతుందో అక్కడి అధ్యాపకులకు సాధారణంగా తెలియదు.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద గరిష్ఠంగా రూ.20 లక్షలు ఇస్తారు. మొదటి విడత రావాలంటే అమెరికాలో దిగినట్టు ఐ-94 చూపించాలి. రెండో విడతకు మొదటి సెమిస్టర్ ఫలితాలు కావాలి. కాబట్టి విమానం టికెట్టు, మొదటి ఫీజు, గది అడ్వాన్సు ముందే అప్పు చేసి కట్టాల్సిందే. మిర్యాలగూడ తల్లిదండ్రులు నల్లగొండకు, కోదాడ వాళ్లు సూర్యాపేటకు ఫైలు కోసం తిరుగుతుంటారు. ఫీజు వివరాలు, మార్కులు, చదువు సాగుతున్న తీరుపై ఆ ఫైలుకు కాగితం అవసరమైతే, ప్రొఫెసర్ వారం తిప్పకుండా అదే రోజు ఇవ్వడం పెద్ద సాయం.

2025 ఏప్రిల్‌లో అమెరికాలో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. కొందరి విషయంలో కారణం ట్రాఫిక్ కేసు లాంటి చిన్నదే. దేశమంతా కోర్టుల్లో దావాలు పడ్డాక, ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు పునరుద్ధరిస్తామంది. అలాంటి రోజుల్లో క్లాసులో సీటు అలాగే ఉంచడం, పరీక్షకు గడువు ఇవ్వడం, అవసరమైతే ‘ఇన్‌కంప్లీట్’ గ్రేడు వేయడం అధ్యాపకుల చేతిలోని పనులే. జీతం వచ్చే పని కొనసాగించవచ్చా లేదా అన్నది మాత్రం ఇమిగ్రేషన్ లాయరే చెప్పాలి.

మంచి మనసుతో ఇచ్చే సలహా కూడా ముంచుతుంది. "ఒత్తిడిగా ఉంటే ఒక కోర్సు వదిలెయ్" అనడం అలాంటిదే. ఎఫ్-1 విద్యార్థి ఫుల్ టైమ్ చదవాలి. పీజీలో చాలా చోట్ల అంటే 9 క్రెడిట్లు. యూనివర్సిటీలో వీసా వ్యవహారాలు చూసే డీఎస్ఓ ముందే ఒప్పుకోకుండా తగ్గించుకుంటే స్టేటస్ పోతుంది. అందుకే ప్రొఫెసర్ మొదట అడగాల్సింది, "డీఎస్ఓతో మాట్లాడావా?" అని. వెంట తానూ వెళ్తే ఇంకా మంచిది.

ఇక కులం సంగతి. గది, పార్ట్ టైమ్ పని, లాయర్ నంబరు ఎక్కువగా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనే దొరుకుతాయి. అక్కడ ఊరు, ఇంటిపేరు ఆరా తీయడం మామూలే. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో వివక్ష నిషేధ నిబంధనల్లో కులాన్ని చేర్చింది ఊరికే కాదు. "మీ తెలుగువాళ్లను అడుగు" అని పంపడం సాయం కాదని నా అభిప్రాయం. స్కాలర్‌షిప్ ఉత్తరంలో ఎస్సీ అని ఉంటుంది, దాన్ని తోటి తెలుగు విద్యార్థుల కంట పడనివ్వకూడదు. వీసా స్థితి గురించి ఈమెయిల్‌లో అడగకుండా ఎదురుగా మాట్లాడాలి.

డబ్బు ఆగితే చదువు ఆగడం అంబేద్కర్‌కూ తప్పలేదు. బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి వచ్చారు. నాలుగేళ్లలోగా తిరిగి చేరేందుకు యూనివర్సిటీ అనుమతి ఇచ్చింది. 1920లో మళ్లీ వెళ్లి పూర్తి చేశారు. ఇంటికి రావాల్సి వచ్చిన విద్యార్థికి తిరిగి చేరే వీలును డిపార్ట్‌మెంట్ ఇప్పుడూ కాగితం మీద రాసివ్వవచ్చు. ప్రయాణానికి ముందే అది అడిగి తీసుకోవాలి.