ఇంటి ఈతకొలను – శుభ్రపరిచే యంత్రపు ఎంపిక

మన ప్రాంతపు పాత ఇండ్లలో హౌజు లేని వాకిలి అరుదు. నల్లా వచ్చిన వేళ దానిని నింపుకోవడం, పదిహేను రోజులకొకసారి అడుగున ఉన్న బిరడా తీసి నీరంతా వదిలివేయడం, కొబ్బరిపీచుతో పాచిని గీకి, గుప్పెడు బ్లీచింగు పొడి చల్లి, కడిగి తిరిగి నింపడం మనకందరికీ చిన్ననాటి నుండి అలవాటైన పని. నూరు బిందెల నీరు పట్టే తొట్టికి ఈ పద్ధతి చాలును. అయితే ఇదే పద్ధతిని ఇంటి ఈతకొలనుకు వర్తింపజేసినపుడు ఏమి జరుగునో నేను కళ్లారా చూచితిని. ఈ వ్యాసానికి అదే ప్రేరణ.

మా తరం వారికి ఈతకొలను అనే మాటే తెలియదు. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని మోటబావిలో దూకి ఈత నేర్చిన వారము. నేడు కాలం మారినది. హైదరాబాదు నుండి జనగామ మీదుగా వరంగల్లుకు పోయే రహదారి వెంబడి తోట ఇండ్లు వెలిశాయి. వాటిలో కొన్నింటికి ఈతకొలనులూ అమరాయి. నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకొన్న విద్యార్థి ఒకరు, పన్నెండేండ్లు గల్ఫులో పనిచేసి తిరిగివచ్చి, జనగామ పట్టణపు పొలిమేరలో ఇల్లు కట్టుకొని, పిల్లల కోసం ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల కొలనును నిర్మించుకొన్నారు. సంవత్సరం తిరగకముందే ఒకనాడు ఫోను చేసి, "సార్, అండ్ల మన్ను తీసే మిషన్లు వచ్చినయట. ఏది కొనాల్నో జెర చూసి చెప్పుండ్రి" అని అడిగినారు.

నిజం చెప్పవలెనంటే, మొదట నాకు చిరాకు కలిగినది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి నిలుచున్న కాలం జనగామ ప్రజలు మరచిపోలేదు. అట్టి ఊరిలో కొలనే ఒక విలాసం, దానికి తోడు రోబో ఒకటా అనుకొన్నాను. కాని యంత్రం ఎందుకు కావలసి వచ్చినదో చెప్పినప్పుడు నా అభిప్రాయం మార్చుకోవలసి వచ్చినది.

వారు నెలకొకసారి కొలనును హౌజు వలెనే ఖాళీ చేయించేవారు. గోడల పలకలపై తెల్లని సున్నపు పొర పేరుకొనేది. దానిని వదిలించుటకు ఇంట పనిచేసే పంతొమ్మిదేండ్ల యువకుడు ఖాళీ కొలనులోనికి దిగి పలుచని ఆమ్లంతో రుద్దేవాడు. ఆ ఏప్రిల్ నెలలో, అడుగున అంతకుముందు చల్లిన బ్లీచింగు పొడి మిగిలి ఉండగానే ఆమ్లం పోసినాడు. ఈ రెండూ కలిసినచో క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది గాలి కంటె రెండున్నర రెట్లు బరువైనది కాబట్టి పైకి పోక గొయ్యిలో నిలిచిపోతుంది. ఖాళీ కొలను అంటే గొయ్యియే గదా! పైన నిలబడిన వారికి కొంచెం ఘాటు మాత్రమే తెలిసినది. అడుగున వంగి పనిచేస్తున్నవాడు దగ్గుతూ కూలిపోయినాడు. అదృష్టవశాత్తు ఇంటివారు చూచి పైకి లాగినారు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి కోలుకొన్నాడు. నా విద్యార్థి అడిగిన ప్రశ్న వెనుక ఉన్నది ఈ సంగతి.

ఇక నీటి లెక్క చూద్దాము. ఎనిమిదిని నాలుగుతోను, సగటు లోతు 1.4 మీటర్లతోను హెచ్చించితే దాదాపు 45 ఘనపు మీటర్లు, అనగా 45,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. మిషన్ భగీరథ పథకం గ్రామాలలో మనిషికి దినానికి 100 లీటర్ల చొప్పున రూపొందినది. ఆ కొలబద్దతో చూస్తే కొలనును ఒకసారి ఖాళీ చేయడమంటే 450 మంది ఉన్న పల్లె ఒకనాటి నీటిని మోరీలో పోయడమే. పైగా మన బోర్ల నీరు గట్టి నీరు. రాగిబిందె అడుగున కట్టే తెల్లని పొర ప్రతి గృహిణికీ తెలుసు. కొత్త నీరు పోసినకొద్దీ కొత్త సున్నం వచ్చి చేరుతుంది. అనగా సున్నం వదిలించుటకు నీరు మార్చేవారు సున్నాన్నే తెచ్చి పోసుకొంటున్నారు. వానాకాలంలో మరొక ప్రమాదమున్నది: భూగర్భ జలం పైకి వచ్చినపుడు ఖాళీ కొలను అడుగును ఆ నీరు కిందినుండి ఎత్తి పగులగొట్టవచ్చు.

కాకతీయుల కాలపు చెరువులను ఎవరూ కడుగుటకు ఖాళీ చేయలేదు. భూపాలపల్లి చేరువన ఉన్న గణపసమுద్రం వంటి చెరువులలో వేసవిలో నీరు తగ్గినపుడు పూడిక తీసి పొలాలకు తోలుకోవడమే ఆచారం. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలోనూ అదే జరిగినది. నీటిని ఉంచి మన్నును తీయవలెను. ఈతకొలనుకు చేయవలసినదీ ఇదే. అయితే చెరువు వలె ఎండే వరకు ఆగలేము కాబట్టి, నీరు నిండి ఉండగానే అడుగు నుండి మన్ను తీసే ఉపాయం కావలెను.

ఆ ఉపాయం మూడు విధాలుగా పరిణమించినది. కొలను పంపు పీల్చే గొట్టానికే తగిలించి, ఆ పీల్పు బలంతోనే అడుగున పాకుతూ పోయే సాధనం మొదటిది. దక్షిణాఫ్రికాలో ఫెర్డినాండ్ షోవియే 1974లో రూపొందించిన 'క్రీపీ క్రాలీ' ఈ కోవకు చెందినదే. పంపు తిరిగి పంపే నీటి ఒత్తిడితో నడిచేది రెండవది. ఈ రెంటికీ ప్రాణం కొలను పంపులోనే ఉన్నది. మొదటిదైతే మట్టినంతటినీ ఇసుక వడపోతలోనికే చేరవేస్తుంది. వడపోత నిండగానే నీటిని వెనుకకు తిప్పి కడగాలి, ఆ కడిగిన నీరు మోరీపాలు. సన్నటి మన్ను అధికంగా ఉన్నపుడు కొలను పనివారు వడపోతనే తప్పించి నేరుగా బయటకు తోడివేస్తారు. గంటకు పదివేల లీటర్లు తోడే పంపుతో అరగంట ఆ విధంగా చేస్తే ఒక ట్యాంకరు నీరు పోయినట్లే.

మూడవది రోబో. 1980ల నుండి ఇది వాడుకలోనికి వచ్చినది. ఈ రంగంలో పేరుపడిన మేట్రానిక్స్ సంస్థ 1983లో స్థాపితమైనది. దీని కడుపులోనే చిన్న పంపు, వడపోత గంప, చక్రాలను తిప్పే మోటారు ఉంటాయి. కింది చీలిక గుండా నీటిని పీల్చి, గంపలో మన్నును నిలిపి, తేరిన నీటిని పైనుండి అక్కడే వదులుతుంది. పైకి చిమ్మే ఆ నీటి ధారయే యంత్రాన్ని అడుగుకూ గోడకూ అదిమి పట్టే బలం. చర్యకు సమానమైన ప్రతిచర్య అని మనం తరగతిలో చెప్పుకొనే సూత్రం ఇక్కడ గోడ ఎక్కుతుందన్నమాట! నీరు ఒక్క బొట్టు కొలను దాటి పోదు. విద్యుత్తు కూడా స్వల్పమే. సాధారణంగా 150 నుండి 200 వాట్లు, రెండు గంటల పనికి అర యూనిట్ లోపే.

ఇక ఎంపిక విషయం. అంగడివాడు మొదట చూపించేది ఫోనులో కనబడే బొమ్మలను. కొనేవారు మొదట చూడవలసినది తమ కొలను అడుగున చేరే మురికిని. అది ఊరిని బట్టి మారుతుంది. జనగామ వైపు ఎర్రనేల దుమ్ము. వేసవి గాలికి వచ్చి పడి, కాలు పెడితే పొగవలె లేచి మళ్లీ అడుగున కూర్చుంటుంది. దీనికి యాభై మైక్రాన్లకు మించని సన్నని వడపోత కావలెను. మన వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లని గుర్తుంచుకొంటే ఆ సన్నదనం అర్థమవుతుంది. మానుకోట ప్రాంతపు మామిడి తోటలలో కట్టుకొన్న వారి కష్టం వేరు. అక్కడ ఆకు, పూత, పుల్ల అధికం. సన్నని గుడ్డ సంచి పావుగంటలో నిండి యంత్రం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. వారికి పెద్ద గంప, వెడల్పైన నోరు, కొంచెం ముతక జాలి మేలు. భూపాలపల్లిలో ఒకవైపు సింగరేణి గనులు, మరొకవైపు చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు పొడి, బూడిద గాలిలో కలిసి వచ్చే చోట కట్టుకొన్నవారు అతి సన్నని మడతల వడపోత విడిగా దొరికే యంత్రాన్నే కొనవలెను. బూడిద రేణువులలో చాలా భాగం పది, ఇరవై మైక్రాన్ల పరిమాణంలో ఉండి సాధారణ జాలి గుండా జారిపోయి, వెనుకనుండి మేఘం వలె తిరిగి వస్తాయి. ముతక, సన్నని వడపోతలు రెండూ మార్చుకొనే వీలున్న యంత్రం దొరికితే ఋతువును బట్టి వాడుకోవచ్చును.

తరువాత చూడవలసినది కుంచె. మన వైపు కొలనులకు నున్నని పలకలు పరచడమే ఎక్కువ. గరుకైన సిమెంటు గోడకు ఉద్దేశించిన ప్లాస్టిక్ కుంచె నున్నని పలకపై పట్టు చిక్కక జారుతుంది. గోడ ఎక్కబోయి సగంలో పడిపోయే యంత్రాలలో చాలావాటికి వ్యాధి ఇదే. అట్టి కొలనుకు స్పాంజి వంటి మెత్తని కుంచె కావలెను. సున్నపు పొర నీటి అంచు వెంబడి గీతగా కడుతుంది కాబట్టి, అంచు దాకా ఎక్కి రుద్దే రకాన్ని కొంటే ఆమ్లం పని చాలా తగ్గుతుంది. అడుగును మాత్రమే ఊడ్చే రకం చౌకయే కాని, మన గట్టి నీటికి దానివలన సగం ప్రయోజనమే.

తీగ ఉన్నదా, బ్యాటరీదా అనే ప్రశ్నపై నేను చాలాసేపు ఆలోచించితిని. బ్యాటరీ యంత్రాన్ని చేతబట్టుకొని నీటిలో వదలడమే, చిక్కులు పడే తీగ ఉండదు. కాని లిథియం బ్యాటరీకి వేడి పగ. మన మే నెల ఎండలో రేకుల గదిలో పడవేస్తే దాని ఆయుస్సు త్వరగా తరుగుతుంది. దానిని మార్చే ఖర్చు ముందే అడిగి తెలుసుకోవలెను. తీగ యంత్రంలో గోడ వద్దనుండే పెట్టె 230 వోల్టుల విద్యుత్తును ముప్పై వోల్టుల లోపు నేరు విద్యుత్తుగా మార్చి నీటిలోనికి పంపుతుంది. ఆ పెట్టెను నీటి అంచు నుండి కనీసం మూడున్నర మీటర్ల దూరంలో, నీడలో, నేలకు కొంచెం ఎత్తున ఉంచవలెను. అది తగిలించే సాకెట్టుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు తప్పనిసరి. ఇండ్లలో ఎర్తింగు పేరుకు మాత్రమే ఉండటం నేను చాలాచోట్ల చూచితిని. యంత్రం కొనకముందు ఎలక్ట్రీషియనును పిలిపించి దానిని పరీక్షింపజేయడం యంత్రం కంటె ముఖ్యమని నా అభిప్రాయం. అన్నింటికీ మించి, యంత్రం నీటిలో నడుస్తున్నంత సేపు పిల్లలు గాని పెద్దలు గాని నీటిలోనికి దిగరాదు. తక్కువ వోల్టేజి గదా అని వాదించేవారికి బదులు చెప్పడం నాకు ఇష్టం లేదు.

తీగ పొడవు కొలనును మూల నుండి మూలకు కొలిచి, దానికి పెట్టె దూరం కలుపుకొని లెక్కించుకోవలెను. యంత్రాన్ని పైకి తీయునపుడు పిడి పట్టుకొని తీయాలి గాని తీగ పట్టి లాగరాదు. నీటి ఉష్ణోగ్రత పరిమితి కూడా సూచన పుస్తకంలో ఉంటుంది, చాలావాటికి 35 డిగ్రీల లోపే. మండు వేసవి మధ్యాహ్నం లోతు తక్కువ కొలను ఆ హద్దును ముట్టవచ్చు కాబట్టి తెల్లవారుజామున నడపడం మంచిది.

మరమ్మతు సంగతి మనవారు చివర అడుగుతారు, మొదట అడగవలసినది. జనగామ నుండి సికింద్రాబాదుకు రైలులో యంత్రాన్ని చేర్చి సాయంత్రానికి తిరిగి రావచ్చును. భూపాలపల్లి వారు మొదట వరంగల్లు దాకా బస్సులో మోసుకురావలెను. పట్టీలు, కుంచెలు, వడపోతలు విడిగా దొరకని యంత్రం ఎంత చౌకైనా ఒక సంవత్సరపు ఆటబొమ్మ.

రోబో మన్నునే తీస్తుంది, క్రిములను చంపదు. లీటరు నీటికి ఒకటి నుండి మూడు మిల్లీగ్రాముల క్లోరిన్, 7.2 నుండి 7.8 మధ్య పీహెచ్ నిలుపుకోవడం ఇంటివారి పని. మే నెలలో దినానికి సెంటీమీటరు వరకు నీరు ఆవిరై సున్నం చిక్కబడుతుంది. అందుచేత కొలను నీటిని ఎన్నటికీ మార్చవద్దని నేను చెప్పలేను. పరీక్షలో కాఠిన్యం హద్దు దాటినపుడు కొంత భాగం తీసి, వాన నీరు దొరికే రోజులలో నింపుకోవడం యుక్తం. ఇరవై వేల లీటర్ల లోపు చిన్న కొలను ఉన్నవారు రోబో కోసం అప్పు చేయనక్కరలేదు. పొడవు కర్రకు కట్టిన కుంచె, ఆకుల వల, చేతితో నడిపే చిన్న పీల్పు గొట్టం, వారానికి ఒక గంట ఓపిక చాలును.

నా విద్యార్థి తుదకు తీగ యంత్రాన్నే కొన్నారు. స్పాంజి కుంచె, అంచు దాకా ఎక్కే శక్తి, రెండు రకాల వడపోతలు గల యంత్రమది. గత వేసవిలో వెళ్లినపుడు ఆ యువకుడే దానిని నడుపుతూ కనబడినాడు. కొలను గట్టుపై నిలబడి, గంపను పైకి తీసి, ఎర్రని బురదను వేపచెట్టు పక్కన కుమ్మరించి, వడపోతను బకెట్టులో ముంచి కడిగినాడు. ఎంత నీరు పట్టినదని అడిగితే, "ఒక్క బకెట్టు సార్" అన్నాడు. ఆమ్లపు డబ్బా ఎక్కడ ఉన్నదని అడిగితే, అది ఇప్పుడు ఇంట్లో లేదన్నాడు.