క్యాన్సరు చికిత్స పొందు కర్షకుడును, ఎండయు

తమలపాకు తోట వేయువారు ముందుగా అవిసె విత్తి, ఆ నీడ సిద్ధమైన పిదపనే తీగె నాటుదురు. ఎండ పైరునకు ప్రాణమే యైనను, లేత తీగె దానికి తాళజాలదని మన పెద్దలు ఎఱుగుదురు. క్యాన్సరునకు, అనగా రాచపుండునకు, చికిత్స పొందుచున్న మనుష్యుని చర్మమును కొంతకాలము అట్టి లేత తీగె వంటిదే. ఈ సంగతిని మేము ఆలస్యముగా గ్రహించితిమి. అది యెట్లనగా:

కొన్ని యేండ్ల క్రిందట సంఘ సభ్యుడొకడు పట్టణపు ఆసుపత్రిలో క్యాన్సరునకు మందు ఎక్కించుకొనుచు, విడతకును విడతకును నడుమ గ్రామమునకు వచ్చియుండెను. మేము మిరప చేనిలో ప్రదర్శన యేర్పాటు చేసి ఆయనను గూడ పిలిచి, మిట్టమధ్యాహ్నము వఱకు గట్టుమీద నిలువబెట్టితిమి. మఱునాటికి ఆయన ముఖము, మెడ, ముంజేతులు కమిలి మండసాగెను. తన యొడలికి మందు పడలేదని తలచి, తక్కిన విడతలు మానుకొన నిశ్చయించెను. ఇంటివారు పట్టుబట్టి వైద్యుని కడకు గొనిపోగా, మందు మానవలసిన పని లేదనియు, ఎండ తగులకుండ మెలగిన చాలుననియు ఆ వైద్యుడు చెప్పెను. ఆయన చికిత్స పూర్తి చేసికొనెను. తప్పు వేళ యెఱుగక పిలిచిన మాది.

సూర్యరశ్మియందు కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు కలవు. ఫ్లోరోయురాసిల్, కెపసిటాబిన్, మెథోట్రెక్సేట్, డకార్బజీన్ మున్నగు మందులు వాడునపుడు చర్మము ఆ కిరణములకు ఓర్వలేకపోవచ్చును. మునుపు దినమంతయు ఎండలో దున్నినవానికైనను ఇప్పుడు కొద్దిసేపటికే చర్మము కమలవచ్చును, మచ్చలు పడవచ్చును. నల్లని మేనివారము, మనకేమగునని అనుకొనరాదు. నలుపు కొంత కాపేగాని పూర్తి కాపు కాదు. రేడియేషన్, అనగా కిరణచికిత్స, జరిగిన చోట ఈ సున్నితత్వము పిమ్మటను మిగులును. అచ్చోటిని జీవితాంతము ఎండనుండి కాపాడుకొనవలెను. మందులన్నియు ఒక తీరువి కావు గనుక, తన మందు ఎట్టిదో ప్రతివారును వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

మొదటి జాగ్రత్త వేళ. పగలు 10 గంటలు మొదలు సాయంకాలము 4 గంటల వఱకు పొలమునకు పోరాదు. గడియారము లేనిచో నీడను చూచుకొనవలెను. నీడ మనిషికంటె పొట్టిగా నున్నంతసేపు కిరణములు తీక్షణముగా నుండును. మబ్బు పట్టినను ఇవి కొంత దిగివచ్చును. మడిలోని నీటినుండియు ఇసుకనుండియు పైకెగసి తగులును.

రెండవది వస్త్రము. మణికట్టు వఱకు చేతులున్న చొక్కాను, చీలమండల వఱకు దిగు బట్టను వదులుగా ధరింపవలెను. బట్టను వెలుతురునకు ఎత్తి చూడుడు. వెలుతురు ధారాళముగా వచ్చినచో కిరణములును వచ్చును. తడిసిన పలుచని నూలుబట్ట మఱింత తక్కువగా కాపాడును. తలపాగా చెవులను, మెడను కప్పదు. తాటాకు గిడుగో, వెడల్పు అంచు టోపీయో, గొడుగో కావలెను. మందువలన జుట్టు రాలిన తలకు ఇది మిక్కిలి అవసరము.

మూడవది లేపనము. కప్పుటకు వీలుకాని చోట 30 గాని అంతకు మించి గాని ఎస్‌పీఎఫ్ గల సన్‌స్క్రీన్‌ను అరగంట ముందు పూసికొని, రెండు గంటలకొకసారి, చెమట పట్టినచో ఇంకను ముందే, మరల పూయవలెను. కిరణచికిత్స జరుగుచున్న చోట మాత్రము వైద్యుడు చెప్పనిదే లేపనముగాని, పసుపుగాని, నూనెగాని, ఆకు పసరుగాని తాకింపరాదు. మెత్తని వదులు బట్టతో కప్పవలెను.

చర్మము కమిలినను, బొబ్బలెక్కినను వెంటనే నీడకు చేరి, చల్లని తడిబట్ట వేసి, ఆసుపత్రికి తెలుపవలెను. మందు ఎక్కించుకొనువారికి 100.4 డిగ్రీల ఫారన్‌హీటు జ్వరము వచ్చినచో తెల్లవాఱు వఱకు ఆగరాదు. ఎవరును తమంతట తాము చికిత్స మానరాదు.

ఎండకు వెఱచిన కర్షకునకు సేద్యము సాగదు. కావున ఈ జాగ్రత్త రోగి యొక్కనివలన నెఱవేఱునది కాదు. ఇరుగుపొరుగువారు ఉదయపు పని ఆయనకు విడిచి, మధ్యాహ్నపు పని తాము చేయవలెను. సంఘపు గిడ్డంగి యొద్ద ఎరువులకో, తూకమునకో వచ్చిన అట్టి సభ్యుని ఎండలో వరుసను నిలుపక ముందుగా పంపవలెను. మేమును మా ప్రదర్శనలను ఉదయము 9 గంటలలోపల ముగించుచున్నాము. ఆ సభ్యుడు ఈ యేడును మిరప వేసెను. తెల్లవాఱుజామున మాకంటె ముందే గట్టుమీద నుండును.