గ్రాఫ్ గీస్తే చాలదు... కారణం చెప్పాలి!

ఈసీఈ చదివి కోర్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నారా? అయితే ఇంటర్వ్యూలో కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గీయమంటే ఆశ్చర్యపోకండి. ల్యాబ్ రికార్డులో వేసిన గ్రాఫే కాబట్టి చకచకా గీసేస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే! ‘రెండు చివర్లా గెయిన్ ఎందుకు పడిపోతోంది?’ అని అడిగితే, ‘కెపాసిటర్ల వల్ల’ అన్నది సగం జవాబే. ఏ చివర ఏ కెపాసిటరో చెప్పగలగాలి.

మధ్యలో ఎంత?
కలెక్టర్ కరెంట్‌ను 25 మిల్లీవోల్టులతో భాగిస్తే ట్రాన్స్‌కండక్టెన్స్ వస్తుంది. దాన్ని లోడ్ నిరోధంతో గుణిస్తే గెయిన్. 1 మిల్లీఆంపియర్, 2.5 కిలోఓమ్‌లు అనుకుంటే 100. అవుట్‌పుట్ తలకిందులవుతుంది కాబట్టి మైనస్ గుర్తు మరవొద్దు. గెయిన్ ఇందులో 70.7 శాతానికి, అంటే 3 డెసిబెల్స్ తగ్గే రెండు చోట్ల మధ్య ఉన్నదే బ్యాండ్‌విడ్త్.

ఎడమ చివర...
ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ కెపాసిటర్ రియాక్టెన్స్ పెరుగుతుంది. కప్లింగ్ కెపాసిటర్లు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. బైపాస్ కెపాసిటర్ ఎమిటర్‌ను గ్రౌండ్ చేయలేక నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది. ‘బైపాస్ తీసేస్తే?’ అని అడగొచ్చు. ఎమిటర్ నిరోధం 500 ఓమ్‌లైతే 100 ఉన్న గెయిన్ దాదాపు 5కి దిగుతుంది!

కుడి చివర...
ఇక్కడ కారణం బోర్డు మీద కనిపించదు, ట్రాన్సిస్టర్ లోపలే ఉంటుంది. బేస్, కలెక్టర్ మధ్య 4 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉందనుకోండి. బేస్ వోల్టేజీ కాస్త పెరిగితే కలెక్టర్ వోల్టేజీ అందుకు 100 రెట్లు తగ్గుతుంది. అంటే ఆ కెపాసిటెన్స్ మీద మార్పు 101 రెట్లు. కాబట్టి ఇన్‌పుట్‌కు అది 404 పికోఫారడ్‌లుగా కనిపిస్తుంది. ఇదే మిల్లర్ ఎఫెక్ట్. జాన్ మిల్టన్ మిల్లర్ 1920లో వాక్యూమ్ ట్యూబుల విషయంలో వివరించిన సూత్రమే ట్రాన్సిస్టర్లకూ వర్తిస్తోంది.

అందుకే గెయిన్ పెంచుకుంటూ పోతే బ్యాండ్‌విడ్త్ తగ్గుతుంది. ‘రెండూ కావాలంటే?’ అన్నది తర్వాతి ప్రశ్న. క్యాస్‌కోడ్ అని చెప్పి ఆగకండి. పైన కామన్ బేస్ దశ ఉంటే కింది ట్రాన్సిస్టర్ వోల్టేజీ గెయిన్ దాదాపు 1కి పరిమితమై మిల్లర్ ప్రభావం తగ్గుతుందని వివరించండి.

ఇలా సిద్ధమవండి
ఎల్‌టీస్పైస్ ఉచితంగా దొరుకుతుంది. ఒక్క సర్క్యూట్ వేసి, ఒక్కో కెపాసిటర్ విలువ మారుస్తూ గ్రాఫ్ ఏ వైపు కదులుతుందో చూడండి. రన్ చేసే ముందే జవాబు ఊహించి రాసుకోండి. ఊహ తప్పిన చోటే మీరు మళ్లీ చదవాల్సిన పాఠం ఉంది.