తేలిక కారు ఏమడుగుతుంది?

ఇంగ్లండ్ తూర్పున నార్‌ఫోక్ ప్రాంతంలో హెథెల్ అనే చిన్న ఊరుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్లు ఎగిరిన అక్కడి పాత వైమానిక క్షేత్రంలోనే లోటస్ కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఎలీజ్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు 1996 నుంచి 2021 దాకా అక్కడే తయారైంది. కంపెనీ అప్పటి అధిపతి రొమానో ఆర్తియోలి మనవరాలు ఎలీసా పేరే దానికి పెట్టారు. మొదటి తరం ఎలీజ్ బరువు సుమారు 725 కిలోలు. మన వీధుల్లో తిరిగే మారుతి ఆల్టో 800 కూడా అటూ ఇటుగా అంతే తూగుతుంది. కానీ ఆల్టో ఇంజన్ 48 హార్స్‌పవర్ ఇస్తే, అంతే బరువును లాగడానికి ఎలీజ్‌లో 118 ఉంది. పైగా ఆ ఇంజన్ ముందు కాదు, సీట్ల వెనక, వెనక చక్రాలకు కాస్త ముందు కూర్చుంటుంది.

కొత్త ఎలీజ్ ఇప్పుడు దొరకదు. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు పాతది కొనాలనుకుంటే ముందుగా వచ్చే భయం, నిర్వహణ ఖర్చు తడిసి మోపెడవుతుందేమోనని. ఆ భయంలో సగమే నిజం. తేలిక కారులో అరిగిపోయే వస్తువులు నిదానంగా అరుగుతాయి. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, పెట్రోలు అన్నీ బరువైన స్పోర్ట్స్ కారు కంటే తక్కువే అడుగుతుంది. కానీ బరువు తగ్గించడం కోసం ప్రతి భాగాన్నీ అవసరమైనంత వరకే చేశారు, అదనపు గట్టితనం పెట్టలేదు. అందుకే దీనికి మరమ్మతుల కంటే తనిఖీలు ఎక్కువ కావాలి.

ముందు దాని అస్థిపంజరం సంగతి. లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ 1948లో తన మొదటి కారు కట్టినప్పటి నుంచీ, 1982లో పోయేదాకా, బరువుతోనే కుస్తీ పట్టాడు. (అదే కంపెనీ ఇప్పుడు రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ అమ్ముతోంది. ఆయన ఉంటే ఏమనేవాడో!) ఎలీజ్ ఛాసిస్‌ను రూపొందించిన ఇంజనీరు రిచర్డ్ రాకమ్ అల్యూమినియం పట్టీలను వెల్డింగ్ చేయకుండా ఎపాక్సీ జిగురుతో అతికించాడు. వెల్డింగ్ చేయాలంటే లోహం మందంగా ఉండాలి, పైగా ఆ వేడికి అల్యూమినియం బలం తగ్గుతుంది. జిగురుకు ఆ బెడద లేదు కాబట్టి కొన్ని చోట్ల మిల్లీమీటరున్నర మందం సరిపోయింది. మొత్తం ఛాసిస్ 68 కిలోలు, అంటే ఒక మనిషి బరువు.

దీని పర్యవసానం కొనేవాళ్లకు ముఖ్యం. వంగిన ఇనుప ఛాసిస్‌ను షెడ్డులో లాగి సరిచేసినట్టు దీన్ని చేయలేరు. వేడి పెడితే జిగురు పోతుంది, సుత్తి దెబ్బలు వేస్తే అతుకులు విడతాయి. బయటికి చిన్నగా కనిపించే గుద్దు కూడా ఛాసిస్‌కు తగిలి ఉంటే ఆ కారును తుక్కు కిందే లెక్కగడతారు. అందుకే పాతది కొనేటప్పుడు రంగు మెరుపు చూసి మురిసిపోకండి. కారును లిఫ్టు మీదికి ఎక్కించి, కింది రేకులు విప్పించి చూడండి. జాకీని కూడా తయారీదారు చూపిన చోటే పెట్టాలి, లేకపోతే పలుచని అడుగు నొక్కుకుపోతుంది.

అల్యూమినియం తుప్పు పట్టదు గానీ, దానికి తగిలించిన సస్పెన్షన్ చేతులు ఉక్కువి. బ్రిటన్‌లో చలికాలం మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు వీటిని తినేస్తుంది. పైగా ఉక్కు, అల్యూమినియం కలిసే చోట తడి చేరితే రసాయన చర్య మొదలై బోల్టులు బిగుసుకుపోతాయి. చలికాలం ముగిశాక కారు అడుగుభాగాన్ని నీళ్లతో బాగా కడగడం ఖర్చు లేని పని. చాలామంది చేయని పని కూడా అదే.

ఇక ఇంజన్. మొదటి తరంలో రోవర్ కంపెనీ కే-సిరీస్ ఇంజన్ వాడారు. అది కూడా బరువు తగ్గించాలనే ఆలోచనతో పుట్టిందే. పై నుంచి కింది దాకా దిగే పొడవాటి బోల్టులు హెడ్డునూ బ్లాకునూ ఒకే కట్టగా పట్టి ఉంచుతాయి. ఆ ఇంజన్‌కున్న చెడ్డపేరు అంతా ఆ రెంటి మధ్యనుండే హెడ్ గాస్కెట్ వల్ల వచ్చింది. కూలెంట్ కొద్దిగా ఉండే ఇంజన్ ఇది, దానికి తోడు ఎలీజ్‌లో రేడియేటర్ ముందూ ఇంజన్ వెనకా ఉన్నాయి. మధ్యనున్న పొడవాటి గొట్టాల్లో చాలా కూలెంట్ చల్లగా నిలిచి ఉంటుంది. ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకోగానే ఆ చల్లటి కూలెంట్ ఒక్కసారిగా వేడి లోహం మీదికి వస్తుంది. లోహం ఇలా సాగుతూ కుంచించుకుంటూ ఉంటే గాస్కెట్ ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? తర్వాత ఉక్కు పొరల గాస్కెట్లు వచ్చి పరిస్థితి మెరుగుపడింది. అయినా కూలెంట్ మట్టం తగ్గుతోందంటే ఊరికే నింపేసి ఊరుకోకూడదు, ఎటు పోతోందో కనిపెట్టాలి. ఆయిల్ మూత తీసినప్పుడు దాని అడుగున మీగడలాంటి తెట్టు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగే కార్లలో చెమ్మ వల్ల కూడా అలాంటి తెట్టు కడుతుంది కాబట్టి కూలెంట్ మట్టంతో కలిపి చూస్తేనే నిజం తేలుతుంది.

2004 నుంచి టయోటా ఇంజన్లు వచ్చాయి. వాటిలో పేరున్నది 2జెడ్‌జెడ్. 1.8 లీటర్లు, 189 హార్స్‌పవర్. 6,200 ఆర్‌పీఎం దాటాక వాల్వుల్ని మరింత ఎక్కువగా తెరిచే రెండో కామ్ పని మొదలుపెడుతుంది, కారు స్వభావమే మారిపోతుంది. ఆ ఊపు చూడాలనే తొందరలో చల్లటి ఇంజన్‌ను అంత వేగంగా తిప్పితే, ఆయిల్ ఇంకా చిక్కగా ఉండగానే కామ్ అంచులు గీసుకుపోతాయి. కూలెంట్ ముల్లు మామూలు స్థాయికి చేరడం చాలదు, ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. మరికొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడపాల్సిందే. రేస్ ట్రాక్ మీద ఇంకో చిక్కుంది. వేగమైన పొడవాటి మలుపులో ఆయిల్ అంతా ఒక పక్కకు ఒరిగి, పంపు పీల్చే చోట ఏమీ మిగలకపోవచ్చు. ఆయిల్ సంపులో అడ్డు రేకులు అమర్చుకోవడం దీనికి మందు. అంతదాకా వెళ్లలేకపోతే, కనీసం ఆయిల్‌ను పై గీత దాకా ఉంచుకోవాలి.

బ్రేకుల దగ్గర తేలికదనం లాభం స్పష్టంగా కనిపిస్తుంది. బ్రేక్ వేయడమంటే పరుగులో ఉన్న శక్తిని వేడిగా మార్చడమే. బరువు సగమైతే ఆ శక్తి సగమవుతుంది. వేగం రెట్టింపైతే మాత్రం నాలుగింతలవుతుంది. 160 కి.మీ. వేగం నుంచి ఆగే 1,500 కిలోల కారు డిస్కుల్లో పుట్టే వేడిలో సగమే ఎలీజ్‌లో పుడుతుంది. అందుకే చిన్న డిస్కులతో కూడా అది ట్రాక్ మీద చాలాసేపు నిలుస్తుంది. అయితే బ్రేక్ ఆయిల్‌ను ఈ లెక్క కాపాడలేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణమే 155 డిగ్రీలకు దిగిపోతుంది. మరిగితే బుడగలు పుడతాయి, పెడల్ నేలదాకా దిగిపోతుంది, బ్రేక్ పడదు. ఏడాదికోసారి, ట్రాక్‌కు వెళ్తుంటే దానికి ముందు, బ్రేక్ ఆయిల్ మార్చడం తప్పనిసరి. ఈ ఒక్క పనికి డబ్బు లేదంటే ట్రాక్ మానుకోవడమే మేలు.

టైర్ల గాలి దగ్గర అలవాటే మనల్ని మోసం చేస్తుంది. బంకులో గాలి కొట్టే కుర్రాడితో చూడకుండానే "ముప్పై మూడు పెట్టు" అనేస్తాం. టయోటా ఇంజన్ ఎలీజ్‌కు కంపెనీ చెప్పింది ముందు 26, వెనక 29 పీఎస్‌ఐ. అంతకంటే ఎక్కువ నింపితే తేలిక కారు గతుకుల మీద ఎగురుతుంది, పట్టు తగ్గుతుంది. తక్కువ గాలికి వాన రోడ్డు మీద ఒక మూల్యం ఉంది. టైరు నీటిని తోసెయ్యలేక దాని మీద తేలడం మొదలయ్యే వేగం, టైరులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని విమాన టైర్ల మీద నాసా చేసిన పరిశోధనలో తేలింది. ఆ మోటు లెక్క ప్రకారం 33 పీఎస్‌ఐ దగ్గర ఆ వేగం గంటకు సుమారు 95 కి.మీ., 26 దగ్గర 85 కి.మీ. కారు టైర్లకు గాడులు ఉంటాయి కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు, అరిగిన టైరైతే మాత్రం దీనికి దగ్గరగానే వస్తుంది. నీళ్లు నిలిచిన హైవే మీద ఎలీజ్ వెనక్కి తగ్గి, పక్కనున్న పెద్ద సెడాన్‌కు దారివ్వడంలో తప్పేమీ లేదు.

డెబ్బై కిలోల మనిషి ఎక్కితే పెద్ద కారుకు తెలియను కూడా తెలియదు. ఎలీజ్‌కు అది సుమారు పదో వంతు భారం. కారు ఎత్తు, చక్రాల అలైన్‌మెంట్ సరిచేసేటప్పుడు సీట్లలో బరువులు పెట్టి మరీ కొలవాలి. ఖాళీ కారుకు చేసిన అలైన్‌మెంట్ మనిషి కూర్చోగానే తప్పుతుంది. వీధి చివరి టైర్ల షాపులో ఈ ఓపిక దొరకదు, తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. పనిలో పనిగా వెనక చక్రాలను దారిలో నిలిపే టో లింకులను చూడమనండి. ఒక వైపు మాత్రమే ఆధారమున్న బోల్టు మీద అవి వేలాడతాయి. బాగా పట్టు ఉండే ట్రాక్ టైర్లు వేస్తే ఆ బోల్టు మీద భారం పెరుగుతుంది. అది విరిగితే వెనక చక్రం తన ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. రెండు వైపులా పట్టు ఉండే మెరుగైన సెట్లు విడిగా అమ్ముతున్నారు. ట్రాక్‌కు వెళ్లాలనుకునేవాళ్లు ఎక్కువ హార్స్‌పవర్ కంటే ముందు కొనాల్సింది వాటినే.

నడపడంలో తేడా మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది. పవర్ స్టీరింగ్ లేదు, అవసరం కూడా లేదు. ముందు చక్రాల మీద ఉండేది మొత్తం బరువులో 38 శాతమే. రోడ్డులోని ప్రతి కదలికా చేతులకు చేరుతుంది. స్టీరింగ్‌ను బిగించి పట్టుకుంటే ఆ సమాచారం అందదు, భుజాలు నొప్పెడతాయి. ముందు భాగం తేలిక కావడంతో మలుపులోకి వేగంగా దూసుకెళ్తే ముక్కు తిరగకుండా బయటికి జారుతుంది. అందుకే కారు తిన్నగా ఉన్నప్పుడే బ్రేక్ వేసి, మలుపు మొదట్లో కాలిని నెమ్మదిగా తీస్తూ వెళ్లాలి. అలా తీస్తున్నంతసేపూ బరువు ముందు టైర్ల మీద నిలిచి అవి పట్టు దొరకబుచ్చుకుంటాయి.

అసలు ప్రమాదం మలుపు మధ్యలో ఉంటుంది. వేగం ఎక్కువైందని భయపడి యాక్సిలరేటర్ చటుక్కున వదిలేస్తే బరువు ముందుకు దూకుతుంది, వెనక టైర్లు తేలికపడతాయి. ఇంజన్ వెనకే ఉంది కాబట్టి ఆ తోక ఊగడం మొదలైతే ఆపడం కష్టం. భయం కాలిని పైకి లేపమంటుంది. దాన్ని ఉన్నచోటే నిలపడం, లేదా కొద్దికొద్దిగా తగ్గించడం నేర్చుకోవాలి. ఇది చదివితే వచ్చేది కాదు, మామూలు రోడ్డు మీద సాధన చేసేదీ కాదు.

దానికే ట్రాక్. హెథెల్‌కు దగ్గర్లోనే స్నెటర్టన్ ఉంది. అదీ ఒకప్పటి యుద్ధకాలపు వైమానిక క్షేత్రమే, ఇప్పుడు దాదాపు 4.8 కి.మీ. పొడవున్న రేస్ ట్రాక్. సొంత కారుతో వెళ్లి ట్రాక్ మీద నడిపే రోజును ట్రాక్ డే అంటారు, అది రేసు కాదు. ఓవర్‌టేక్ చేయడం తిన్నటి దారిలోనే, అదీ ముందున్నవాళ్లు దారిచ్చాకే. హెల్మెట్, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. శబ్దం పరిమితి దాటితే వెనక్కి పంపేస్తారు. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు సాధారణంగా ట్రాక్ మీద జరిగిన నష్టానికి వర్తించవు, విడిగా తీసుకోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు గంటకింత అని శిక్షకుణ్ని పక్కన కూర్చోబెట్టుకోవడం కొత్త ఎగ్జాస్ట్ కంటే మంచి ఖర్చు. నాలుగైదు రౌండ్లు వేగంగా తిరిగాక ఒక రౌండు బ్రేకులు వాడకుండా చల్లార్చుకుంటూ రావాలి. ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, కాలిన డిస్కులకు ప్యాడ్లు అతుక్కుంటాయి. గేరులో వదిలేస్తే చాలు. టైర్లు వేడెక్కి గాలి ఒత్తిడి పెరుగుతుంది, అదనపు గాలి తీసేయాలి. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోవాలి, చక్రాల బోల్టుల బిగింపు కొలత పానాతో చూసుకోవాలి.

ఇవి నేర్చుకోవడానికి లోటసే కావాలని లేదు. చెన్నై దగ్గర, బెంగళూరు హైవే పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కి.మీ. ట్రాక్ ఉంది. నిర్వాహకులు ట్రాక్ డే పెట్టినప్పుడు సొంత చిన్న కారుతోనే వెళ్లొచ్చు. వెళ్లే ముందు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో చూసుకోండి. ఏడాది దాటి ఉంటే మార్పించుకునే బయల్దేరండి.