మీకు తెలుసా? రంగులు దాస్తే బొమ్మ పరుగెడుతుంది

వెక్టర్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ అడోబీ ఇలస్ట్రేటర్ 1987లో మొదట వచ్చినప్పుడు, అందులో బొమ్మను పూర్తి రూపంలో చూస్తూ దిద్దే వీలు లేదు. గీసేదంతా వట్టి గీతల్లోనే. పూర్తి రూపం చూడాలంటే ప్రివ్యూకు వెళ్లాలి, దిద్దాలంటే మళ్లీ గీతల్లోకి రావాలి. అప్పుడు తప్పనిసరైన ఆ పద్ధతే ఇప్పుడు బరువైన ఫైళ్లకు మంచి మందు.

వెక్టర్ బొమ్మలో ఉండేది చుక్కలు కాదు, లెక్కలు. జూమ్ చేసినా, జరిపినా కంప్యూటర్ ఆ లెక్కలు చూసి తెరమీద మళ్లీ గీయాలి. నీడలు, పారదర్శకత ఎక్కువ సమయం తింటాయి, బ్లర్ మరీ ఎక్కువ. వీటిని తెరమీద దాస్తే ఆ పని తగ్గి వేగం పెరుగుతుంది.

ఉచితంగా దొరికే వెక్టర్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్, నంబర్ ప్యాడ్‌లోని 5 కలిపి నొక్కుతూ పోతే డిస్‌ప్లే మోడ్‌లు మారతాయి. ‘నో ఫిల్టర్స్’లో రంగులు ఉంటాయి, బ్లర్ మాయమవుతుంది. ‘అవుట్‌లైన్’లో గీతలే మిగులుతాయి, పెద్ద ఆకారం వెనక దాగిన చిన్న ముక్క కూడా చటుక్కున కనబడుతుంది. వేగం కన్నా ఇదే పెద్ద లాభం. ఇలస్ట్రేటర్‌లో ఇదే పనికి కంట్రోల్, వై. కోరెల్‌డ్రాలో వ్యూ మెనూలోని వైర్‌ఫ్రేమ్.

మోడ్ మార్చినంత మాత్రాన అసలు బొమ్మలో ఒక్క రంగూ పోదు. నిశ్చింతగా మార్చి చూడండి.