కొండను కోయకుండానే గోల్ఫ్ మైదానం: నల్దేహ్రా చెప్పే పాఠం

గోల్ఫ్ మైదానం అనగానే చదును చేసి, పచ్చిక పరిచిన విశాలమైన నేల గుర్తొస్తుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని నల్దేహ్రాలో మాత్రం చదునైన చోటు దొరకడమే అరుదు. సిమ్లాకు సుమారు 22 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 2,200 మీటర్ల ఎత్తున, దేవదారు చెట్ల మధ్య ఉంటుందీ మైదానం.

1899 నుంచి 1905 వరకు వైస్రాయ్‌గా ఉన్న లార్డ్ కర్జన్‌కు ఈ చోటు ఎంతగానో నచ్చింది. 1904లో పుట్టిన మూడో కుమార్తె పేరులో ‘నల్దేరా’ అని కూడా చేర్చారు. ఇక్కడి గోల్ఫ్ మైదానం ఆయన చొరవతోనే మొదలైందని చెబుతారు. అయితే ఊరి పేరు నాగదేవత గుడి నుంచి వచ్చిందంటారు. ఆ గుడి ఇప్పటికీ మైదానం మధ్యలోనే ఉంది.

కొండే ప్రత్యర్థి

అప్పట్లో కొండలను తవ్వి చదును చేసే నేటి తరహా భారీ యంత్రాలు లేవు. బంతిని ఎక్కడి నుంచి కొట్టాలి, ఏ గుంటలో వేయాలి అన్నది మాత్రమే మనిషి నిర్ణయించేవాడు. మధ్యలో ఉన్న ఎత్తుపల్లాలు కొండవే. గోల్ఫ్ పుట్టిన స్కాట్లాండ్‌లోనూ తొలి మైదానాలు సముద్రతీరపు ఇసుక దిబ్బల మీద ఇలాగే ఏర్పడ్డాయి.

పెద్ద మైదానాల్లో సాధారణంగా పార్ 70 నుంచి 72 ఉంటుంది. నల్దేహ్రాలో అది 68. దూరం తక్కువైనంత మాత్రాన ఆట తేలిక కాదు. కుడిచేతి ఆటగాడి పాదాల కంటే బంతి ఎత్తులో ఉంటే దెబ్బ ఎడమకు మళ్లుతుంది, పల్లంలో ఉంటే కుడికి పోతుంది. గాలి పలుచగా ఉండటంతో బంతి కాస్త ఎక్కువ దూరం వెళ్తుంది. గురి తప్పితే దేవదార్లలోకే.

ఇప్పుడెందుకు ముఖ్యం?

2023 ఆగస్టు 14న సిమ్లాలోని సమ్మర్ హిల్ వద్ద కొండచరియలు విరిగి శివాలయంపై పడి 20 మంది చనిపోయారు. ఆ ఏడాది వానలు అసాధారణంగా కురిశాయన్నది నిజం. కానీ రోడ్ల కోసం, భవనాల కోసం కొండల్ని ఇష్టారాజ్యంగా కోయడమే హిమాచల్‌లో ముప్పును పెంచుతోందని నిపుణులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. వాలును నిలువుగా కోస్తే పైనున్న మట్టికి ఆధారం పోతుంది. నీటి దారి మూసేస్తే ఆ నీరు మట్టిలోకి ఇంకి దాన్ని బరువెక్కిస్తుంది. చెట్ల వేళ్లు, గడ్డి ఉన్న వాలులో మట్టికి కొంతైనా పట్టు ఉంటుంది.

అలాగని గోల్ఫ్ మైదానాలన్నీ పర్యావరణానికి మేలు చేస్తాయని కాదు. పచ్చికకు నీళ్లు కావాలి. 2018 వేసవిలో సిమ్లా జనం తాగునీటికే అల్లాడారు. కొండల్లో కొత్త మైదానానికైనా, హోటల్‌కైనా అనుమతి ఇచ్చేముందు అడగాల్సిన ప్రశ్నలు రెండు: కొండను ఎంత కోస్తారు? నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు?

మొదటి ప్రశ్నకు నల్దేహ్రా వందేళ్ల కిందటే ఒక జవాబు చూపించింది. కొండకు తగ్గట్టు ఆటనే మార్చుకుంది.